నెలకోసారి కొండమీది పిల్లలకు తరగతులు చెప్పమంటున్నారు. ఇలా తిరిగేవాళ్లు ఇల్లు ఎలా నడుపుకుంటున్నారు?

జువాలజీ టీచరమ్మ, అనకాపల్లి

అందరికీ వందనాలు. సేవ గొప్పదా, ఇల్లు గొప్పదా అని తేల్చుకోవడానికి రాయడం లేదు. ఆ చర్చ మా స్త్రీల కూడికలో ఏళ్ల తరబడి నడుస్తోంది, ఎప్పటికీ తేలదు. బోధించడానికి ఊళ్లు తిరిగేవాళ్లు ఇంటి సంగతి ఎలా చూసుకుంటున్నారో తెలిస్తే చాలు.

నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. మా ఆయన గూడ్సు గార్డు. ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరైతే మారింది గాని, అర్ధరాత్రి ఫోను చేసి డ్యూటీకి పిలవడం మారలేదు. ఆదివారం ఇంట్లో ఉంటారో లేదో శనివారం రాత్రికి కూడా చెప్పలేరు. అమ్మాయి జూన్‌లో పదో తరగతికి వస్తుంది, బాబు ఆరు. అత్తగారు మాతోనే ఉంటారు. షుగరు, మోకాళ్ల నొప్పులు.

వేసవిలో వీబీఎస్, అంటే సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి, చెప్పడానికి పాడేరు వైపు వెళ్లడం నాకు పెళ్లికి ముందు నుంచీ అలవాటు. బస్సు చోడవరం, మాడుగుల దాటి ఘాట్ ఎక్కుతుంది. పాడేరులో దిగి జీపు, ఆ తర్వాత నడక. మే నెలలో ఇక్కడ ఉడికిపోయే ప్రాణానికి అక్కడ రాత్రిపూట దుప్పటి కావలసి వస్తుంది. నలుగురిలో సేవ అని చెబుతాం గాని, నా మటుకు నాకు అది సెలవు కూడా.

ఇప్పుడు మా బృందం కొత్త మాట తెచ్చింది. వచ్చే నవంబరు నుంచి నెలకోసారి శని, ఆదివారాల్లో అక్కడి సంఘాల యువతకు తరగతులు పెడదామని, ఆడపిల్లల తరగతి నన్నే తీసుకోమని అడుగుతున్నారు. నాకూ వెళ్లాలనే ఉంది. కారణం చెబుతాను. పోయిన మే నెలలో ఒక రాత్రి కూడిక అయ్యాక కుళాయి దగ్గర పళ్లేలు తోముతున్నాం. పదో తరగతి రాసిన పిల్ల ఒకతి పళ్లెం మీద బూడిద రుద్దుతూ, తల ఎత్తకుండా అడిగింది: "తల్లిదండ్రులను సన్మానించాలని ఆజ్ఞ ఉంది కదా టీచర్, పెళ్లి వద్దంటే ఆజ్ఞ మీరినట్టేనా?" పక్కన తోముతున్నవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి. పగలంతా మా సహోదరులు పాఠం చెప్పి "ప్రశ్నలున్నాయా" అంటే ఒక్కరూ నోరు విప్పలేదు మరి. పద్దెనిమిదేళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయడం చట్టప్రకారమే తప్పని, గౌరవం తగ్గకుండానే చదువుకుంటానని చెప్పవచ్చని అన్నాను. మర్నాడు వాళ్లమ్మ దగ్గరికి కూడా వెళ్లి కూర్చున్నాను. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

ఇక ఇంటి సంగతి. రాత్రి తొమ్మిదికి మాకు కుటుంబ ప్రార్థన. నేను ఊళ్లో లేకపోతే అత్తగారు నడిపిస్తారు. ఆవిడ కీర్తన ఎత్తుకుంటే ఒక్క చరణం కూడా వదలరు. రెండో కీర్తన సగంలోనే బాబు నిద్రపోతాడు. అమ్మాయి అసలు గదిలోంచి రాదు. నేను తిరిగొచ్చాక కూడా రెండు రోజులు ముభావంగా ఉంటుంది. అడిగితే "ఏమీ లేదు" అంటుంది. మా ఆయన వారమంతా ఇంటి పట్టున లేకపోతే "పాపం, ఉద్యోగం అలాంటిది" అనే మా సంఘంవాళ్లే, నేను రెండు రోజులు కదిలితే "ఆవిడకు ఇల్లు పట్టదు" అంటారు. ఆయన మాత్రం వెళ్లమనే అంటారు. జూన్ లోగా బృందానికి జవాబు చెప్పాలి.

విశ్వాసి

సహోదరీ, ప్రార్థనలో పెట్టండి. స్త్రీకి ఇల్లే మొదటి పరిచర్య. దేవుడే అన్నీ చూసుకుంటాడు.

జువాలజీ టీచరమ్మ

సహోదరా, ప్రార్థిస్తున్నాను. అన్నీ చూసుకునే దేవుడు నేను కొండమీద ఉన్న రెండు రోజులు మా ఇంటిని కూడా చూసుకుంటాడనే నా నమ్మకం. పురుషుడికి మొదటి పరిచర్య ఏదో కూడా రాస్తే మా ఆయనకు చూపిస్తాను.

రిటైర్డ్ మాష్టారు, గుంటూరు

అమ్మా, ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు బైబిల్లోని సమూయేలు ప్రవక్తను తీసుకొస్తారు. వాళ్లకంటే ముందు నేనే తెస్తాను. మొదటి సమూయేలు ఏడో అధ్యాయం చివర చూడండి. ఆయన ఏటేటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి న్యాయం తీర్చేవాడు. ఇల్లు రామాలో కాబట్టి మళ్లీ అక్కడికే వచ్చేవాడు. బలిపీఠం కూడా అక్కడే కట్టాడు. పేజీ తిప్పితే, ఆయన కొడుకులు బెయేర్షెబాలో లంచాలు తిన్నారని ఉంటుంది. తండ్రి ఊళ్లు తిరిగాడు కాబట్టే కొడుకులు చెడిపోయారని దీని మీద గంటసేపు ప్రసంగించిన వాళ్లను విన్నాను. వాక్యంలో ఆ మాట ఎక్కడుంది? సమూయేలుకు ముందున్న యాజకుడు ఏలీ షిలోహులో మందిరం దగ్గరే ఉన్నాడు. కొడుకులూ అక్కడే, కళ్లెదుటే ఉన్నారు. వాళ్లు ఇంకా ఘోరంగా తయారయ్యారు. కాబట్టి ఈ లేఖనం చూపించి మిమ్మల్ని ఎవరూ భయపెట్టకూడదు, ధైర్యం కూడా చెప్పకూడదు.

నేను ఉద్యోగంలో ఉండగా శని, ఆదివారాలు హాస్టల్ పిల్లలకు బైబిలు తరగతులు చెప్పడానికి తిరిగేవాణ్ని. మా ఆవిడ రెండు షరతులు పెట్టింది. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు ఎవరు పిలిచినా కదలకూడదు. స్త్రీల సమాజం పనులు ఆవిడ చూసే ఆదివారం వంట నాది. నాకు వచ్చింది పప్పుచారు ఒక్కటే. ఆ ఆదివారాల్లో మా పిల్లలు పెద్దగా ఆకలి లేదనేవారు.

మీ కుటుంబ ప్రార్థన విషయంలో ఒక మాట. నడిపించే పని పిల్లలకు ఇవ్వండి. ఒక కీర్తన, ఒక అధ్యాయం, చిన్న ప్రార్థన, అంతే. మీ అత్తగారి కీర్తనలకు పగలు బోలెడంత సమయం ఉంది.

పాస్టరుగారి రెండో అమ్మాయి, హైదరాబాద్

అక్కా, నేను మీ అమ్మాయి వైపు నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు యువజన కూటాలకు రాయలసీమ అంతా తిరిగేవారు. ఆయన లేని రోజులు మాకు పెద్ద కష్టంగా ఉండేవి కావు. అమ్మ కాస్త నెమ్మదించేది, ఇంటికి వచ్చిపోయేవాళ్లు తగ్గేవారు. నా ఇబ్బంది వేరు. ఆయన బోధల్లో ఉదాహరణను నేనే. తొమ్మిదో తరగతిలో నేను లెక్కల పరీక్ష తప్పి ప్రోగ్రెస్ కార్డు దాచిన సంగతి ఆయన ఒక కూటంలో "మా ఇంట్లోనే జరిగింది" అంటూ చెప్పారు. పిల్లలందరూ నవ్వారట. ఆ ఊరి నుంచి మా హాస్టల్‌కు వచ్చిన అమ్మాయి నన్ను చూడగానే "ప్రోగ్రెస్ కార్డు నువ్వేనా?" అంది. ఆ తర్వాత చాలా ఏళ్లు నాన్నగారికి నా సంగతులు ఏవీ చెప్పలేదు.

మీరు అలా చేస్తున్నారని అనడం లేదు. అక్కడి పిల్లలకు దగ్గర కావడానికి మన పిల్లల కబుర్లు చెప్పాలనిపిస్తుంది. చెప్పే ముందు మీ అమ్మాయిని అడగండి. అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లమని ఇక్కడ తప్పకుండా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అదీ అడిగే చేయండి.

కొండమీది కుర్రాడు

టీచర్ గారూ, వందనాలు. మాది పాడేరు దగ్గరే, ఇప్పుడు విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్నాను. మీలాంటివాళ్లు చెప్పిన వీబీఎస్‌లోనే పెరిగాను.

అసలు నవంబరులో ఎందుకు పెడుతున్నారు? నవంబరు నుంచి జనవరి వరకు మాకు కాఫీ కోత. పండ్లు ఎర్రబడితే ఆగవు, చెట్టు మీదే వదిలేస్తే రాలిపోతాయి. ఆడపిల్లలు, మగపిల్లలు అందరూ తోటల్లోనే ఉంటారు. చీకటి పడ్డాక వచ్చి కూర్చున్నా తరగతిలో తూగుతారు. మీరు ఇల్లు వదిలి అంత దూరం వస్తే ఖాళీ చాపలు కనబడతాయి.

ఇంకొకటి. చిన్నప్పుడు మేము తెలుగు పాటలు చేతులు ఊపుతూ బాగా పాడేవాళ్లం, మాటలకు అర్థం తెలిసేది కాదు. మా ఇంట్లో కువి మాట్లాడతాం. మా పక్క ఊళ్లో ఆదివాసీ ఒడియా. పెద్ద పిల్లలకు తెలుగు బాగానే వస్తుంది, కానీ మీరు చెప్పిన పెళ్లి ప్రశ్న లాంటివి ఇంటి భాషలోనే సరిగ్గా అడగగలరు. ఇంటర్, డిగ్రీ చదివే అక్కలు ఇప్పుడు ఊరికి ఒకరిద్దరు ఉన్నారు. వాళ్లకు మీరు నేర్పితే, వాళ్లు వారం వారం పిల్లలను కూర్చోబెట్టుకుంటారు. మీరు నెలనెలా ఘాట్ ఎక్కనక్కర్లేదు.

జువాలజీ టీచరమ్మ

తమ్ముడూ, కాఫీ కోత సంగతి మా బృందంలో ఒక్కరికీ తోచలేదు. అందరం మైదానంవాళ్లమే, చలికాలం హాయిగా ఉంటుందని నవంబరు అనేశారు. నిన్న ఫోను చేసి చెప్పాను. నవంబరు ఆలోచన మానుకున్నారు. ఇద్దరు ముగ్గురు అక్కలను తయారుచేయడం మాత్రం ఆడపిల్లల తరగతికి తప్పనిసరి అన్నాను, దానికి ఒప్పుకున్నారు.

పాస్టరుగారి అమ్మాయీ, మీరు రాసింది చదివాక మా అమ్మాయిని అడిగాను. దాని బాధ నేను ఊహించినది కాదు. నేను వెళ్లిన ప్రతి ఆదివారం గుడిలో కనబడిన వాళ్లందరూ "మీ అమ్మ మళ్లీ ఏ ఊరు వెళ్లింది?" అని దాన్నే నిలబెట్టి అడుగుతారట. తమ్ముణ్ని ఒక్కరూ అడగరట. ఇకమీదట ఆ ప్రశ్న అడిగినవాళ్లకు నా ఫోన్ నంబరు ఇవ్వమన్నాను. నవ్వింది గాని, ఇచ్చేలాగే ఉంది. వెంట వస్తావా అంటే, పదో తరగతి అయ్యాక చెబుతానంది.

మాష్టారూ, కుటుంబ ప్రార్థన నడిపించనంది. అధ్యాయం మాత్రం చదువుతుందట, కీర్తన బాబు ఎత్తుతాడట. ఒక్కటే కీర్తన అన్నందుకు అత్తగారు అలిగి, ఇప్పుడు తెల్లవారుజామున ఐదింటికి పాడుతున్నారు. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న మా ఆయన మీకు వందనాలు చెప్పమన్నారు.

తమ్ముడూ, ఇక మాకు ఎప్పుడు వీలవుతుందో చూడాలి. ఫిబ్రవరి, మార్చి అంటే నాకూ పిల్లలకూ పరీక్షలు. దసరా సెలవుల్లో నాలుగు రోజులు ఒకేసారి పెడితే మీ ఊళ్ల పిల్లలు దొరుకుతారా?

కొండమీది కుర్రాడు

దొరుకుతారు. హాస్టళ్ల నుంచి అందరూ ఇంటికి వస్తారు, నాట్లు కూడా అయిపోతాయి. సంత రోజు మాత్రం తరగతి పెట్టకండి. అప్పటికి వానలు పూర్తిగా తగ్గవు. ఘాట్‌లో కొండచరియలు పడితే బస్సులు ఆపేస్తారు, బయలుదేరే ముందు డిపోకు ఫోను చేసి కనుక్కోండి. మా అక్క డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గరే ఉంది, కువి, తెలుగు రెండూ బాగా మాట్లాడుతుంది. మొదట తనతో మాట్లాడతానంటే తన నంబరు మీకు విడిగా పంపిస్తాను.