పక్కింట్లో ఛానెల్ మారిస్తే మా టీవీలో బొమ్మ పోతోంది, ఎందుకు?

ప్రశ్న (మూడో అంతస్తు):
మా బిల్డింగ్‌లో 12 ఫ్లాట్లు. మేడ మీద ఒకే డిష్, దాని ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సిగ్నల్ పట్టే పరికరానికి) నాలుగు వైర్లు. ఒక్కో వైరుకి స్ప్లిటర్ పెట్టి మూడేసి ఇళ్లకు ఇచ్చారు. కింది ఇంటివాళ్లు ఏదో ఒక ఛానెల్ పెట్టగానే మా టీవీలో సగం ఛానెళ్లకు ‘సిగ్నల్ లేదు’ అని వస్తోంది. వాళ్లు కట్టేస్తే అన్నీ తిరిగి వస్తాయి. డిష్ రెండుసార్లు తిప్పించాం, లాభం లేదు. మా అమ్మ వినే డిజిటల్ రేడియో కూడా గోడ సాకెట్‌కి పెడితే పలకడం లేదు.

జవాబు (డాబా పనివాడు):
డిష్‌ని ఇక ముట్టుకోకండి, తప్పు దానిది కాదు. మీ సెట్‌టాప్ బాక్సు వైరులోంచి పైకి కరెంటు పంపుతుంది: 13 వోల్టులైతే వర్టికల్ (నిలువు తరంగాల) ఛానెళ్లు, 18 అయితే హారిజాంటల్ (అడ్డ తరంగాలవి). పై బ్యాండ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీల ఛానెళ్లు) కావాలంటే దానికి 22 కిలోహెర్ట్జ్ టోన్ కలుపుతుంది. ఒకే వైరు మీద మూడు బాక్సులుంటే 18 అడిగినవాడిదే పైచేయి. మీరు 13 అడుగుతున్నా ఎల్‌ఎన్‌బీకి అది వినపడదు. స్ప్లిటర్ సిగ్నల్‌ని పంచగలదు కానీ ముగ్గురి కోరికలను విడదీయలేదు.

కావలసింది మల్టీస్విచ్, అంటే ఏ బాక్సు అడిగిన ఛానెళ్ల గుంపును ఆ బాక్సుకి విడిగా ఇచ్చే పెట్టె. ఐదు ఇన్‌పుట్లు, 16 అవుట్‌పుట్లు ఉన్నది తీసుకోండి. రికార్డింగ్ బాక్సున్న ఇంటికి రెండు వైర్లు పట్టవచ్చు. ఎల్‌ఎన్‌బీ కూడా మార్చాలి. ఇప్పుడున్నది క్వాడ్ (ఒక్కో వైరులో బాక్సు అడిగిన గుంపు వస్తుంది), కావలసింది క్వాట్రో (నాలుగు వైర్లలో ఎప్పుడూ నాలుగు వేర్వేరు గుంపులే వస్తాయి). చూడటానికి రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి, చాలామంది ఇక్కడే పొరబడతారు. క్వాట్రో మూతి దగ్గర వీఎల్, వీహెచ్, హెచ్‌ఎల్, హెచ్‌హెచ్ అని చెక్కి ఉంటుంది (మొదటి అక్షరం వర్టికల్ లేదా హారిజాంటల్, రెండోది ఎల్ అయితే కింది బ్యాండ్, హెచ్ అయితే పై బ్యాండ్). వాటిని స్విచ్ మీద అదే పేరున్న చోటే బిగించాలి. రెండు తారుమారైతే అన్ని ఇళ్లలోనూ ఛానెళ్ల గుంపులే మాయమవుతాయి.

ఐదో ఇన్‌పుట్ మామూలు యాంటెన్నాలకు. డిజిటల్ రేడియో 174 నుంచి 240 మెగాహెర్ట్జ్ మధ్య వస్తుంది, దాని యాంటెన్నా నిలువుగా ఉండాలి. ముందు మీ గోడ ప్లేటు విప్పి చూడండి. పాత ప్లేట్లలో రేడియో సాకెట్ 108 మెగాహెర్ట్జ్ దాకానే, అంటే ఎఫ్‌ఎం వరకే వదులుతుంది. అమ్మగారి రేడియో పలకకపోవడానికి అదే కారణం కావచ్చు.

మూడో అంతస్తు:
ప్లేటు వెనక ‘ఎఫ్‌ఎం’ అని మాత్రమే రాసి ఉందండి. కింది ఇంటి అన్నయ్యగారిని అడిగి వాళ్ల బాక్సు వైరు పీకి చూశాం, క్షణంలో మా ఛానెళ్లన్నీ వచ్చేశాయి. ఒకటే టెన్షన్, ప్రతి ఇంటికీ పైనుంచి కొత్త వైరు లాగాలా? గోడల్లో దారి లేదు.

జవాబు (కేబుల్ కొలత):
దారి లేకపోతే యూనికేబుల్ చూడండి. ఒకే వైరు మీద ప్రతి బాక్సుకీ సొంత ఫ్రీక్వెన్సీ ఉంటుంది. పాత ప్రమాణం ఈఎన్ 50494లో ఎనిమిది బాక్సుల దాకా, ఈఎన్ 50607లో 32 దాకా. మీరు వైరుకి ముగ్గురే కదా. అయితే మూడు బాక్సులూ దానికి పనికొచ్చేవి అయ్యుండాలి, ఏ ఇద్దరూ తమ బాక్సులో ఒకే ఫ్రీక్వెన్సీ నంబరు పెట్టుకోకూడదు. ఆ నంబర్లు కాగితం మీద రాసి స్విచ్ పెట్టె తలుపు లోపల అంటించండి.

మూడో అంతస్తు:
ఈ ఆదివారం మూడు ఇళ్ల బాక్సుల మోడల్ నంబర్లు రాసుకొచ్చి ఇక్కడే పెడతాను. అమ్మ కోసం ప్లేటు మాత్రం రేపే మార్చేస్తున్నా.