షుగర్ 172 మాత్రమే, అయినా కీటో అసిడోసిస్ (కొవ్వు కరిగి వచ్చే కీటోన్లతో రక్తం ఆమ్లంగా మారడం). ఇన్సులిన్ డ్రిప్ ఆపితే మళ్ళీ తిరగబెట్టింది, ఎందుకు?

మెడిసిన్_పీజీ:
సీనియర్లు కాస్త చూసి చెప్పండి. పేషెంట్‌కి 54 ఏళ్ళు, టైప్ 2 షుగర్, మెట్‌ఫార్మిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ (గ్లూకోజ్‌ని యూరిన్‌లోకి పంపే షుగర్ మందు) కలిసిన మాత్ర ఆపరేషన్ ముందురోజు వరకు వేసుకున్నారు. గాల్ బ్లాడర్ తీసిన మర్నాటి నుంచి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం. సర్జరీ వాళ్ళు లోపల పైత్యరసం లీక్ ఏమోనని సీటీ తీయించారు, ఏమీ లేదు. జ్వరం లేదు, లాక్టేట్ 1.6, నార్మలే. పీహెచ్ 7.14 (రక్తం బాగా ఆమ్లంగా ఉంది), బైకార్బ్ (ఆమ్లాన్ని తటస్థం చేసేది) 8, సోడియం 136, క్లోరైడ్ 102, అంటే గ్యాప్ (సోడియం నుంచి క్లోరైడ్, బైకార్బ్ తీసేస్తే మిగిలేది, ఎక్కువైతే రక్తంలో ఆమ్లాలు పేరుకున్నట్టు) 26. యూరిన్‌లో కీటోన్లు ఒక్క ప్లస్సే, షుగర్ చూస్తే 172, దాంతో ఎవరూ అటు ఆలోచించలేదు. చివరికి రక్తంలో బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్ (ముఖ్యమైన కీటోన్) పరీక్షకి పంపితే 6.8, చాలా ఎక్కువ! ఇన్సులిన్ డ్రిప్, సెలైన్ మొదలుపెట్టాం. రాత్రి షుగర్ 110కి దిగిందని డ్రిప్ ఆపేశారు, తెల్లారేసరికి గ్యాప్ మళ్ళీ 22. ఎంపాగ్లిఫ్లోజిన్ ఆపి ఇన్ని రోజులైనా ఇంకా ఇలా ఎందుకు?

ఐసీయూ_ఫిజీషియన్:
ఇక్కడ ఇన్సులిన్ ఇచ్చేది షుగర్ దించడానికి కాదు, కొవ్వు కరిగి కీటోన్లు తయారవడాన్ని ఆపడానికి. ఎంపాగ్లిఫ్లోజిన్ వల్ల గ్లూకోజ్ యూరిన్‌లో పోతూనే ఉంటుంది, కాబట్టి రక్తంలో షుగర్ పెరగదు, ఒంట్లో ఇన్సులిన్ తగ్గి గ్లూకగాన్ (ఇన్సులిన్‌కి వ్యతిరేకంగా పనిచేసే హార్మోన్) పెరుగుతుంది, దానికి తోడు ఆపరేషన్ స్ట్రెస్, ఉపవాసం, వాంతులు. ఇలాంటి పరిస్థితిలో మీరు డ్రిప్ ఆపేస్తే కాలేయం మళ్ళీ కీటోన్లు తయారుచేయడం మొదలుపెడుతుంది, అంతే. షుగర్ 250 లోపే ఉంది కాబట్టి డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) మొదటి నుంచే వెళ్ళాలి, 5 శాతం సరిపోకపోతే 10 శాతం. షుగర్ దిగితే డెక్స్‌ట్రోజ్ పెంచండి, కావాలంటే ఇన్సులిన్ రేటు కిలోకి గంటకు 0.1 యూనిట్ నుంచి 0.05కి తగ్గించండి, పూర్తిగా మాత్రం ఆపొద్దు. పొటాషియం వదలకుండా చూసుకోండి. ఇక మందు సంగతి, హాఫ్ లైఫ్ 12 గంటల చుట్టూ ఉన్నా యూరిన్‌లో గ్లూకోజ్ పోవడం రోజుల తరబడి, కొందరిలో వారం దాటి కూడా సాగుతుంది.

మత్తు_డాక్టర్:
మా వైపు నుంచి ఒక మాట. ఆపరేషన్ రోజు ఉదయం మాత్ర ఒక్కటి మానేస్తే చాలదు. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) లేబుల్ మార్చి ఎంపాగ్లిఫ్లోజిన్, అదే రకం మందులైన డాపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ ఆపరేషన్‌కి కనీసం 3 రోజుల ముందు, ఎర్టుగ్లిఫ్లోజిన్ 4 రోజుల ముందు ఆపమంది. అసలు చిక్కు ఎక్కడంటే, మీ పేషెంట్ లాగే కలిపిన మాత్ర వేసుకునేవాళ్ళు "మెట్‌ఫార్మిన్" అని మాత్రమే చెప్తారు, గుండె కోసమో కిడ్నీ కోసమో వాడేవాళ్ళు అయితే షుగర్ మాత్రలేమైనా ఉన్నాయా అని అడిగితే లేవంటారు! అందుకే నేను మాత్రల అట్ట చేతిలో పెట్టమంటాను. ఎమర్జెన్సీ అయితే 3 రోజులు ఆగలేం కదా, అప్పుడు ఆపరేషన్ తర్వాత రక్తంలో కీటోన్లు చూడటమే.

పాత_ఫిజీషియన్:
ఇదేదో కొత్త జబ్బు అనుకోకండి. 1973లోనే మన్రో, ఆయన సహచరులు షుగర్ 300 లోపు ఉన్న కీటో అసిడోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు, అప్పటికి ఈ మందులే లేవు. ఎఫ్‌డీఏ ఈ మందుల విషయంలో హెచ్చరించింది 2015లో.

ఆ ఒక్క ప్లస్ గురించి: యూరిన్ స్ట్రిప్ పట్టేది అసిటోఅసిటేట్ అనే ఇంకో కీటోన్‌ని, ఇలాంటి వాళ్ళలో ఎక్కువ ఉండేది బీటా హైడ్రాక్సీ బ్యుటిరేట్. పైగా మనిషి కోలుకుంటున్నప్పుడు ఇది అసిటోఅసిటేట్‌గా మారి స్ట్రిప్ ఇంకా ముదురు రంగు చూపిస్తుంది, అది చూసి రోగం ముదిరిందని కంగారుపడేవాళ్ళు ఉన్నారు. స్ట్రిప్ పక్కన పడేసి రక్తంలోనే చూడండి.

మెడిసిన్_పీజీ:
థాంక్స్ సార్. 10 శాతం డెక్స్‌ట్రోజ్‌తో డ్రిప్ మళ్ళీ పెట్టాం, నిన్న రాత్రికి గ్యాప్ 10, కీటోన్లు 0.4. కానీ బైకార్బ్ ఇంకా 14 దగ్గరే ఉంది, సోడియం 140, క్లోరైడ్ 116. డ్రిప్ కొనసాగించాలా?

ఐసీయూ_ఫిజీషియన్:
అవసరం లేదు. ఆ మిగిలిన ఆమ్లత్వం కీటోన్ల వల్ల కాదు, క్లోరైడ్ వల్ల. అంత సెలైన్ ఎక్కింది, బైకార్బ్‌గా మారాల్సిన కీటోన్లు కొన్ని యూరిన్‌లో పోయాయి. కిడ్నీలు బాగుంటే ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఆయన తింటున్నారా? తింటుంటే చర్మం కింద లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ ఇచ్చి, గంటా రెండు గంటలు ఆగి డ్రిప్ తీయండి. ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రం డిశ్చార్జ్ చీటీలో మళ్ళీ రాయొద్దు, ఎందుకు ఆపారో కూడా అందులో రాసి పంపండి, లేకపోతే తర్వాత చూసేవాళ్ళు పాత చీటీ చూసి మొదలుపెట్టేస్తారు.