లంబరి? లంబర? (అరణ్యపర్వం ఫైలు లంకె గురించి కూడా)

పెన్నతీరం: నన్నయ ఆగిపోయిన ‘శారదరాత్రులు’ పద్యం చివరి పాదం ‘పూరములం బరిపూరితంబులై’ అనా, ‘పూరము లంబరపూరితంబులై’ అనా? అరణ్యపర్వం ఇద్దరిదీ కదా అని నన్నయ ఫోల్డర్లో ఒకటి, ఎర్రన ఫోల్డర్లో ఒకటి కాపీ పెట్టుకున్నాను. చూస్తే ఒకదాంట్లో రి, ఇంకోదాంట్లో ర. ఇకమీదట ఒక్కటే ఉంచి రెండోచోట లింకు పెడతాను. డాల్ఫిన్ (లినక్స్‌లో ఫైళ్ళు చూసే ప్రోగ్రాము) రైట్ క్లిక్ మెనూలో అందుకు సొంతంగా ఒక ఆదేశం చేర్చుకుంటున్నాను. దాని పేరు ‘లంకె వేయి’ అంటే బాగుంటుందా?

గుండ్లకమ్మ: రి. పూరములన్ (వెల్లువలతో) + పరిపూరితంబులై (నిండినవై), సరళాదేశం, అంటే న్ తర్వాత ప కాస్తా బ అయింది. సౌరభం దాల్చిందీ రాత్రులే, నిండిందీ రాత్రులే. ర పెడితే పూరములు కర్తగా వచ్చి కూర్చుంటాయి.

మన్నేరు: గణాలు రెండిటికీ సరిపోతున్నాయి కాబట్టి వ్యాకరణం ఒక్కటే తేల్చలేదు. ఎర్రన ఎత్తుగడ చూడండి, ‘నిరస్తనీరదావరణములై’. ముందు పద్యంలో అంబరం లేకపోతే ఈయనకి మబ్బులతో పనేముంది? నా ఓటు ర కే.

గుండ్లకమ్మ: అది వాసరముఖాలకి, అంటే ఉదయాలకి, విశేషణం మాస్టారూ. నన్నయ రాత్రి దగ్గర ఆపితే ఎర్రన తెల్లవారుజాము నుంచి అందుకున్నాడు. అతుకు అక్కడుంది. అంబరం లేకపోయినా ఏం లోటు?

ఉదయగిరి: పాఠం మీరు తేల్చుకోండి, ఫైలు సంగతి నేను చెప్తా. డాల్ఫిన్‌లో షిఫ్ట్ పట్టుకుని లాగితే మూవ్, కంట్రోల్ పట్టుకుంటే కాపీ, రెండూ పట్టుకుంటే లింకు. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుంటే షార్ట్‌కట్. సొంత ఆదేశమే కావాలంటే సింబాలిక్ లింకుకి (అసలు ఫైలు ఎక్కడుందో దారి చెప్పేది) పూర్తి పాత్ ఇవ్వండి, ఆ తర్వాత అసలు ఫైలు కదిలించొద్దు. హార్డ్ లింకు (అదే ఫైలుకి రెండో పేరు) జోలికి పోవద్దన్నా. కొన్ని ఎడిటర్లు సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి దానికి పాత పేరు పెడతాయి. మళ్ళీ రెండు పాఠాలు తయారు.

సింహపురి: ఆ లెక్కన మా తిక్కనదీ సింబాలిక్ లింకే. అరణ్యపర్వం సగంలో ఉండగానే విరాటపర్వం ఎత్తుకున్నాడు. అవతల ఫైలు లేకపోయినా లింకు పెట్టుకోవచ్చు కదా!

మన్నేరు: ఆ ఫైలు తెచ్చి పెట్టింది మా గుడ్లూరాయన, ఎర్రన.

సింహపురి: ఆ గుడ్లూరునే 2022లో మా నెల్లూరు జిల్లాకి మూవ్ చేశారు. కాపీ కాదు.

మన్నేరు: ఎర్రన అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్నాడు, ఆయన ఎవరివాడో ఆ అద్దంకివాళ్ళని కూడా అడగండి చెప్తారు.

గుండ్లకమ్మ: ‘లంకె’ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. లంకెబిందెల్లో ఒకటి అసలు, ఒకటి నకలు అని ఉండదు, రెండూ సమానం. అంటే అది హార్డ్ లింకు. సింబాలిక్ లింకులో ఉండేది దారి మాత్రమే, దానికి ‘లంకె’ నప్పదు.

ఉదయగిరి: మెనూలో ‘లింకు’ అని పెట్టుకోండన్నా. అందరికీ తెలుస్తుంది.

గుండ్లకమ్మ: అందరికీ తెలియడానికి అది ఆయన కంప్యూటరు, బస్టాండు బోర్డు కాదు.

పెన్నతీరం: సరేనండీ, రి యా, ర యా?

మన్నేరు: ముందు మీ దగ్గరున్న రెండూ ఏ ముద్రణలో చెప్పండి. ‘సౌరభముఁ’ దగ్గర అరసున్న ఉందా లేదా, అదీ చూడండి. దాన్నిబట్టి మాట్లాడదాం.