అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెత్తనం మనకి ఆలస్యంగా ఇచ్చిందా, తొందరపడి వదిలేసిందా?

కందుకూరు_మనవడు:
రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ బాప్టిస్ట్ ఫారిన్ మిషన్ సొసైటీ మన తెలుగు మిషన్‌ని నడిపిన తీరు మీద నాకో అనుమానం. 1840 నుంచి నెల్లూరులో ఉన్నారు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మన సంఘాలన్నిటి సొంత సంస్థ, అదే 'తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం', మాత్రం 1962లో గానీ ఏర్పడలేదు. బ్రిటిష్ వాడు ఢిల్లీ ఖాళీ చేసి వెళ్లిపోయాక కూడా మన మిషన్ దొరలు బంగళా తాళాలు ఇవ్వడానికి ఇంకో పదిహేనేళ్లు ఎందుకు పట్టింది?

పాత_ట్రంకుపెట్టె:
మనవడు గారూ, ఆ సొసైటీ బోర్డు కుర్చీలో కూర్చుని ఒకసారి చూడండి. 1943లో వాళ్ల ఇల్లే చీలింది. మిషనరీల ఎంపికలో సిద్ధాంతం గట్టిగా చూడట్లేదని ఒక వర్గం బయటికెళ్లి కన్సర్వేటివ్ బాప్టిస్ట్ సొసైటీ పెట్టుకుంది. వాళ్లతో పాటే కానుకలూ పోయాయి. అదే ఏడాది డిసెంబరులో ఫిలిప్పీన్స్‌లోని పనాయ్ దీవిలో 11 మంది మిషనరీలను జపాన్ సైన్యం చంపింది. బర్మాలోని మిషన్ స్టేషన్లు (మిషనరీలు మకాం ఉండే కేంద్రాలు) యుద్ధంలో నలిగిపోయాయి. 1949 తర్వాత చైనా తలుపు మూసుకుంది. 1950ల్లో మన ప్రభుత్వం కొత్త మిషనరీలకి వీసాలు బిగించింది. ఇన్ని తలనొప్పుల మధ్య నెల్లూరు ఫైలు ఆ బల్ల మీద ఒకటి, అంతే.
ఇక డబ్బు తగ్గించి మన గొంతు నొక్కారనే మాట కూడా సరికాదు. 1949 సెప్టెంబరులో రూపాయి విలువ తగ్గి, డాలరుకి 3.30 వచ్చేది 4.76 అయింది. అవే డాలర్లు పంపినా ఇక్కడ దాదాపు ఒకటిన్నర రెట్లు చేతికొచ్చేవి.

కందుకూరు_మనవడు:
డబ్బు తగ్గించారని నేనెక్కడన్నాను? నేనడిగింది తాళాల సంగతి.

జనగామ77:
ఆ 4.76 లెక్క మాకు వర్తించదు. జనగామ నిజాం రాజ్యంలో ఉండేది. 1949లో మా దగ్గర ఇంకా హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయి, నడిచేది. ఆరు కల్దార్లకి (బ్రిటిష్ ఇండియా రూపాయలకి) ఏడు హాలీలు. ఆ మారకంలో ఎంత పోయిందో ఎవరైనా లెక్క కట్టారా?

వరంగల్_టీచరమ్మ:
హనుమకొండ మిషన్ ఆస్పత్రి గురించి ఒక్కరూ రాయరేం? మా అమ్మ పుట్టింది అక్కడే.

కందుకూరు_మనవడు:
సరే, విషయానికి వస్తా. ఏ సంఘానికా సంఘం స్వతంత్రం అన్నది బాప్టిస్టుల మూల సూత్రం. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పలు ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు మనం చేరలేదు. బిషప్పులు వద్దన్నాం, పసిపిల్లల బాప్తిస్మం వద్దన్నాం. బిషప్పు వద్దన్నవాళ్లకి దొర ఎందుకు? సంఘం స్వతంత్రమట, అది కూర్చునే స్థలం కాగితం మాత్రం సముద్రం అవతలి సొసైటీ పేరు మీదట.

పాత_ట్రంకుపెట్టె:
మరి వదిలేశాక ఏమైంది? కోర్టు కేసులు తప్ప ఏం మిగిలింది? తొందరపడ్డారనే నేనంటాను. ఇంకో పదేళ్లు మనవాళ్లకి లెక్కలు, ఆడిట్ నేర్పి ఇవ్వాల్సింది.

ఫిలడెల్ఫియా_బావ:
వ్యాలీ ఫోర్జ్‌లో ఆ అమెరికన్ బాప్టిస్టుల పాత ప్రధాన కార్యాలయ భవనం చూశాను. న్యూయార్క్ నుంచి అక్కడికి మారింది కూడా 1962లోనే. గుండ్రంగా ఉండి మధ్యలో ఖాళీ. ఇక్కడివాళ్లు డోనట్ అంటారు. నాకైతే గారె గుర్తొచ్చింది. మీరు కానివ్వండి.

కందుకూరు_మనవడు:
లెక్కలు నేర్పాల్సిందా? ఎవరికండీ? మా తాత పాలెం (ఊరి బయట మనవాళ్ల వాడ) బడిలో పంతులు. పిడికెడు బియ్యం కానుకలు ఏ ఇంటి నుంచి ఎన్ని వచ్చాయో పలక మీద రాసి, శనివారం కొలిచి, అణా తేడా లేకుండా అప్పజెప్పేవాడు. ఏ మిషనో, ఏ స్టేషనో ఇక్కడ రాయను. దొరగారు సెలవు మీద అమెరికా వెళ్తే చాలు, మా తాత జీతం ఆగిపోయేది. ఒకసారి ఐదు నెలలు. అడగడానికి వెళ్తే మిషన్ కాంపౌండు (దొర బంగళా ఉన్న ఆవరణ) గేటు బయట నిలబెట్టారు. ఆపింది దొర కాదు, లోపల లెక్కలు రాసే మన మనిషే.

పాత_ట్రంకుపెట్టె:
కాంపౌండులో పుట్టిన ప్రతివాడూ దొంగేనా? మా నాన్న అలాంటి లెక్కలే రాశారు. దొరగారి పాత బూట్లు వేసుకుని పని చేశారు, తెలుసా?

కందుకూరు_మనవడు:
మీ నాన్నగారిని అన్లేదు. కానీ బూట్లయినా వచ్చాయి కదా. మా తాతని ఆ గేటు దాటి రానివ్వలేదు.

పాత_ట్రంకుపెట్టె:
మాట జాగ్రత్త తమ్ముడూ.

వరంగల్_టీచరమ్మ:
ఇద్దరూ కాస్త ఆగండి. మీరు పోట్లాడేది దొరల గురించి కాదని నాకనిపిస్తోంది. పెత్తనం దొర నుంచి కాంపౌండుకి వచ్చింది, కాంపౌండు నుంచి పాలేనికి రాలేదు. అదే కదా మనవడి బాధ?

కందుకూరు_మనవడు:
అదేనమ్మా. ఆలస్యమా, తొందరా అని నేనే తప్పుగా అడిగాను. ఎవరి చేతికిచ్చారన్నది అడగాల్సింది.

పాత_ట్రంకుపెట్టె:
రాత్రి నిద్ర పట్టలేదు, కోపంతోనే అనుకోండి. తాళాలు అప్పజెప్పిన రోజు నాకు తొమ్మిదేళ్లు. దొరసాని వరండాలో బల్ల వేసుకుని ఒక్కో వస్తువూ చదువుతుంటే నాన్న టిక్కు పెట్టారు. మంచాలు నాలుగు, దోమతెరలు మూడు, నీళ్ల ఫిల్టరు ఒకటి, హార్మోనియం ఒకటి (ఒక మెట్టు పలకదు). గొడ్ల చావిడిలో గడ్డివామి కూడా రాశారు. తాళాల గుత్తి నాన్న చేతిలో పెట్టి ఆవిడ ముక్కు తుడుచుకుంది. ఆ జాబితా నా ట్రంకుపెట్టెలోనే ఉంది. పొద్దున తీసి మళ్లీ చదివాను. స్టేషను కింద పాలెం బడులు పదికి పైగా ఉండేవని నాన్నే చెప్పేవారు. జాబితాలో ఒక్క బడి పేరూ లేదు.

కందుకూరు_మనవడు:
బడుల సంగతి వేరే పుస్తకంలో రాసి ఉండొచ్చు కదా అన్నా.

పాత_ట్రంకుపెట్టె:
ఉండొచ్చు. నా దగ్గరైతే లేదు. ఫోటో తీసి పెడతాను, మీరే చూడండి.

జనగామ77:
హాలీ సిక్కా సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.