డాక్టరు 'రెండు పూటలు' అంటే ఏ రెండు పూటలు?

నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట దిక్కోళ్లను ఒకటి అడుగుత. డాక్టరు "రెండు పూటలు ఏస్కో" అంటే మీ ఇంట్ల పెద్దోళ్లు ఏమనుకుంటరు? మా దగ్గరైతే పొద్దుగాల ఒకటి, మాపటీలి బువ్వ తిన్నంక ఒకటి, ఇంకో మాటే లేదు. పూట గడుస్తలేదు అంటం, పూటకూళ్లమ్మ అంటం, పూట అంటే టైం కన్నా ముందు తిండే యాదికొస్తది. శానా మందులకు గిట్లనే సరిపోతది గానీ, ఛాతిల నొప్పి రాకుండ ముందుగాల్నే ఏస్కునే నైట్రేట్ గోలీలకు మాత్రం ఈ మాటతోని నష్టం అయితది.

ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ మామూలు రకం, 20 మిల్లీగ్రాములది రోజుకు రెండు రాస్తే, రెండింటికి నడుమ 7 గంటలే పెడ్తరు, అంటే పొద్దుగాల 8కి ఒకటి ఏస్కుంటే పగటి 3కి ఇంకోటి. ఆ తర్వాత రాత్రి ఖాళీ. ఒంట్ల ఆ మందు రాత్రీ పగలూ ఉంటనే ఉంటే రక్తనాళాలు దానికి అలవాటు పడిపోతయి, గోలి మింగినా ముందటి లెక్క వదులు గావు, రోజుల 10 నుంచి 14 గంటలు గ్యాప్ ఉంటేనే మర్నాడు మళ్ల పనిచేస్తది.

మా పెద్దనాయినకు షాపాయన స్ట్రిప్పు కత్తిరిచ్చి, కాకి రంగు కవర్ల ఏసి, పైన నీలం పెన్నుతోని 'పొ', 'మ' అని రాసిచ్చిండు. 'మ' అంటే మధ్యాహ్నం. మా పెద్దమ్మ దాన్ని మాపు అని చదివింది, ఆమె తప్పేమున్నది, మన దిక్కు మధ్యాహ్నం అని ఎవలంటరు? మళ్ల చూపియ్యబోయినప్పుడు డాక్టరే అడిగి టైము మార్పిచ్చిండు.

కామెంట్: అన్నా, మాది మిర్యాలగూడ. కవరు మీద 'పగటీలి' అని రాస్తే అయిపాయె గదా?

జవాబు: మా ఊర్ల పగటీలి అంటే 12, 1 గంటకు తినే బువ్వ తమ్మీ. 'పొద్దు వాలినంక' అంటే కొందరు పొద్దుగూకే దాంక ఆగుతరు. నేనైతే 'పగటి చాయ్ తాగే యాళ్లకు' అని చెప్త, పక్కన 3 అని అంకె గూడ రాస్త.

కామెంట్: నేను మందుల షాపులనే పనిచేస్త అన్నా. ఇండ్లనే మెల్లగ కరిగే రకం ఉంటది, అది మామూలుగ పొద్దుగాల ఒక్కటే, నమలొద్దు, నూరొద్దు. ఇంకో తిప్పలేందంటే అందరు 'గుండెనొప్పి గోలి' అనే అడుగుతరు. నొప్పి రాకుండ మింగేది వేరే, నొప్పి వచ్చినప్పుడు కూసొని నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటిది వేరే.

జవాబు: మంచిగ చెప్పినవ్ అక్కా. రెండింటికి రెండు పేర్లు ఉండాలె, 'రోజు గోలి', 'నాలుక కింది గోలి' అని. నొప్పి లేసినంక రోజు గోలి మింగుకుంట కూసుంటే లాభం లేదు, తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలె.

కామెంట్: తలకాయ పలుగుతదని మా నాయిన రెండు రోజులకే బంద్ చేసిండు.

జవాబు: మొదట్ల శానామందికి అట్లనే ఉంటది తమ్మీ, కొన్ని రోజులకు తగ్గుతది. ఎనకట డైనమైట్ ఫ్యాక్టరీలల్ల పనోళ్లకు సోమారం సోమారం ఇదే తలనొప్పి, అండ్ల వాడే నైట్రోగ్లిజరిన్ ఇదే జాతి మందు, వారమంత అలవాటైన ఒళ్లు సెలవు దినం మళ్ల మామూలైతుండె. ఛాతినొప్పికి నైట్రోగ్లిజరిన్ పనిచేస్తదని విలియం మరెల్ అనే డాక్టరు 1879లనే రాసిండు. నీ అంతట నువ్వు బంద్ చేపియ్యకు, డాక్టరుకు చెప్పు, మోతాదు తగ్గిచ్చి మెల్లగ పెంచుతరు. టైము గూడ అంతే, రాత్రిళ్లు నొప్పి వచ్చేటోళ్లకు వేరే లెక్క ఉంటది, నేను 3 గంటలు అన్న అని ఎవ్వరు సొంతంగ మార్చుకోకుండ్రి.

మహబూబ్‌నగర్, నారాయణపేట దిక్కు పగటి 3 గంటల యాళ్లకు ఏమంటరో ఎరుకున్నోళ్లు రాయుండ్రి, షాపాయనకు ఇయ్యనీకె ఒక కాయితం తయారు చేస్తున్న.