సైడ్‌బార్‌లో లాగిన్, రిజిస్టర్ లింకులు: ఉంచాలా, పీకేయాలా?

పెన్నాతీరం (కడప):
మాది కడప జిల్లా కథలు, వ్యాసాలు వేసే వర్డ్‌ప్రెస్ (సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైటు. పదిమంది దాకా రాస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు పెద్దవాళ్లే ఎక్కువ, అందరూ ఫోన్లోనే. సైడ్‌బార్‌లో ‘మెటా’ పెట్టె కింద రిజిస్టర్, లాగిన్, రెండు ఫీడ్లు, వర్డ్‌ప్రెస్.ఆర్గ్ లింకులు వస్తున్నాయి. రోజూ పిచ్చి పేర్లతో కొత్త ఖాతాలు పుట్టుకొస్తున్నాయి. లింకులు దాచేస్తే ఆగుతాయా?

అనంత_సర్వర్:
ఆగవు. ఆ ఖాతాలు తెరిచేది బాట్లు, అంటే తమంతట తాము తిరిగే ప్రోగ్రాములు. అవి సైడ్‌బార్ చదివి రావు. వర్డ్‌ప్రెస్ సైటని తెలిస్తే చాలు, లాగిన్ పేజీ ఫైలైన డబ్ల్యూపీ-లాగిన్.పీహెచ్‌పీకి ‘యాక్షన్=రిజిస్టర్’ తగిలించి నేరుగా వచ్చిపడతాయి. బోర్డు పీకేస్తే అంగడి మూసినట్టు కాదు కదప్పా!
సెట్టింగ్స్, జనరల్, మెంబర్‌షిప్: అక్కడ ‘ఎనీవన్ కెన్ రిజిస్టర్’ టిక్కు తీసేయండి. రిజిస్టర్ లింకు దానంతటదే పోతుంది, ఎందుకంటే ఆ టిక్కు ఉన్నప్పుడే వర్డ్‌ప్రెస్ దాన్ని అచ్చేస్తుంది. కొత్తగా రాసేవాళ్లను యూజర్స్ పేజీ నుంచి మీరే చేర్చండి.
ఇంకో సంగతి. ఒక్కో దొంగ ఖాతాకు రెండు మెయిళ్లు పోతాయి, ఒకటి వాడికి, ఒకటి మీకు. షేర్డ్ హోస్టింగుల్లో (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేవి) చాలావాటికి గంటకు ఇన్నే మెయిళ్లని హద్దుంటుంది. అది నిండితే మీ రచయితకు పాస్‌వర్డ్ మార్చుకునే మెయిలు కూడా పోదు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
టిక్కు సంగతి ఒప్పుకుంటా. అయినా లాగిన్ లింకు కూడా తీసేయాల్సిందే అంటాను. కథ చదవడానికి వచ్చినవాడికి అది ఎందుకు? ‘లాగిన్ అయితేనే చదవనిస్తారేమో’ అనుకుని వెనక్కి పోతాడు.
అప్పియరెన్స్‌లో విడ్జెట్స్ (సైడ్‌బార్‌లో పెట్టే పెట్టెలు) తెరిచి మెటాను తీసేయండి. 2021లో వచ్చిన 5.8 నుంచి ఆ పేజీ బ్లాకుల పద్ధతికి మారింది, అందుకే పాత మెటా ‘లెగసీ విడ్జెట్’ పేరుతో కనిపించొచ్చు. కస్టమ్ సీఎస్ఎస్‌లో (పేజీ రూపం దిద్దే కోడ్) ‘డిస్‌ప్లే: నన్’ పెట్టి కప్పెట్టడం మాత్రం వద్దు. తెరమీద కనబడదంతే, పేజీ సోర్సులో లింకు అట్లనే ఉంటుంది.

పెన్నాతీరం:
మెటా తీసేశాను అన్నా, మళ్లీ వచ్చింది! సైడ్‌బార్‌లో ఉన్నది అదొక్క విడ్జెట్టే. థీమ్ (సైటు రూపం ఇచ్చే ఫైళ్ల కట్ట) ట్వెంటీ ఎలెవెన్.

కొండారెడ్డి_బురుజు:
అదీ సంగతి. ఆ థీమ్ సైడ్‌బార్ ఫైల్లో ‘విడ్జెట్లు ఏవీ లేకపోతే ఆర్కైవ్స్, మెటా చూపించు’ అని రాసిపెట్టి ఉంటుంది. మొత్తం ఖాళీ చేశారు కాబట్టి అది లేచింది. సెర్చో, ఇటీవలి పోస్టులో ఏదో ఒక విడ్జెట్ పడేయండి, మెటా పోతుంది. ఫైలే దిద్దాలంటే చైల్డ్ థీమ్‌లో (అసలు థీమ్ మీద ఆధారపడే, మన మార్పులు పెట్టుకునే విడి థీమ్) దిద్దండి. అసలు థీమ్‌లో దిద్దితే అప్‌డేట్ వచ్చిన రోజు పాతదే వచ్చి కూర్చుంటుంది.

తుంగభద్ర_అక్క:
నేను దీనికి ఒప్పుకోను. మీ ఇద్దరికీ అడ్రసు నోటికొచ్చు, జమ్మలమడుగు పెద్దాయనకు రాదు. లింకు పోయిన మర్నాడు ‘సైటు పనిచేయడం లేదు’ అని ఫోన్ చేస్తారు. సైడ్‌బార్‌లో వద్దంటే ఫుటర్‌లో (పేజీ అడుగున) ‘రచయితల ప్రవేశం’ అని తెలుగులో ఒక్క లింకు పెట్టండి. పాఠకుడు తనకోసం అనుకోడు, రాసేవాళ్లకు దారి దొరుకుతుంది.
డిస్కషన్ సెట్టింగ్స్ కూడా చూసుకోండి. ‘లాగిన్ అయితేనే వ్యాఖ్య రాయాలి’ అన్న టిక్కు ఉండి రిజిస్ట్రేషన్ మూసేస్తే పాఠకులెవ్వరూ వ్యాఖ్య పెట్టలేరు. పైగా ప్రతి కథ కింద లాగిన్ అవమనే లింకు వస్తుంది. సైడ్‌బార్‌లో దాచిన ముచ్చట అక్కడ తీరిపోతుంది.

అనంత_సర్వర్:
అక్క చెప్పిన ఫుటర్ లింకుతో నష్టమేం లేదు. పెర్మాలింకులు (పోస్టుల అడ్రసుల తీరు) ‘ప్లెయిన్’ కాకుండా ఉంటే, సైటు పేరు వెనకాల ‘/లాగిన్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా వర్డ్‌ప్రెస్సే లాగిన్ పేజీకి తీసుకుపోతుంది. దాచాలని చూసినా దాగేది కాదది.

కొండారెడ్డి_బురుజు:
అట్లయితే లాగిన్ అడ్రసే మార్చే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాము) వేస్తే పోలా?

అనంత_సర్వర్:
బాట్ల రద్దీ తగ్గుతుంది, కాదనను. అయితే ఎక్స్ఎంఎల్-ఆర్‌పీసీ ఫైలు (బయటి యాప్‌లు సైటుతో మాట్లాడే దారి) తెరిచి ఉంటే పాస్‌వర్డ్ ప్రయత్నాలు అటునుంచి సాగుతాయి, అదీ మూయాలి. మూసేముందు రచయితలెవరైనా ఫోన్ యాప్‌లో నుంచి పోస్టు చేస్తున్నారేమో అడగండి, కొన్ని యాప్‌లు దానిమీదే నడుస్తాయి. కొత్త అడ్రసు మరిచిపోతే హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో ఆ ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చండి, పాత దారి తెరుచుకుంటుంది.
డబ్ల్యూపీ-లాగిన్‌ను సర్వర్లోనే అడ్డగించి, మీ ఐపీ (నెట్ కనెక్షన్ అడ్రసు) ఒక్కదాన్నే అనుమతించే పద్ధతి మీకు సరిపడదు. మొబైల్ డేటాలో ఐపీ మారుతూ ఉంటుంది, రచయితలతోపాటు మీరే బయట నిలబడతారు. పైగా పాస్‌వర్డ్ పెట్టిన పోస్టులు తెరిచే ఫారం కూడా ఆ ఫైలుకే పోతుంది. దాన్ని మూస్తే పాఠకుడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా పేజీ తెరుచుకోదు.
తప్పు పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా వర్డ్‌ప్రెస్ తనంతట తాను ఆపదు. ప్రయత్నాలకు హద్దు పెట్టే ప్లగిన్ ఒకటి, అడ్మిన్‌కు రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగేది) ఒకటి పెట్టండి. ఈ రెండూ లేనప్పుడు లింకు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

తుంగభద్ర_అక్క:
ప్రయత్నాల హద్దు మరీ మూడుకు దించొద్దప్పా. పెద్దాయన ఫోన్లో కొడుతుంటే మూడుసార్లు తప్పుపోతుంది, ఆయనే లాక్ అయిపోతాడు. అయిదో ఆరో పెట్టండి.

పెన్నాతీరం:
టిక్కు తీసేశాను. సెర్చ్ విడ్జెట్ పెట్టాక మెటా పోయింది, ఫుటర్‌లో తెలుగు లింకు పెట్టాను. ఇంతకుముందు చేరిన దొంగ ఖాతాలను ఏం చేయాలి?

అనంత_సర్వర్:
యూజర్స్‌లో సబ్‌స్క్రైబర్ (పోస్టులు రాసే హక్కు లేని మామూలు సభ్యుడు) అని వడగట్టి, పోస్టులు సున్నా ఉన్నవాటిని ఎంచి తీసేయండి. ముందు డేటాబేస్ బ్యాకప్ తీసుకోండి. మీ రచయితల్లో ఎవరైనా సబ్‌స్క్రైబర్‌గానే ఉండిపోయారేమో మెయిల్ అడ్రసులు చూసుకున్నాకే డిలీట్ నొక్కండి.