అప్‌డేట్: పాత లారీ ఆయిల్ తాగడం ఆగింది, తప్పు బ్రీదర్‌దే

మా పాత ఆరు టైర్ల టర్బో డీజిల్ లారీ 500 కిలోమీటర్లకు లీటరు ఇంజన్ ఆయిల్ తాగుతోందని రెండు నెలల కిందట అడిగాను కదా, తేలింది. సలహా ఇచ్చిన అన్నలందరికీ థాంక్స్, ముఖ్యంగా ఇంజన్ విప్పే ముందు బ్రీదర్ (ఇంజన్ లోపలి గ్యాస్ బయటికి పోయే దారి) చూడమన్న అన్నకి.

కంప్రెషన్ అన్ని సిలిండర్లలోనూ బాగానే ఉంది, కాబట్టి తప్పు పిస్టన్ రింగులది కాకపోవచ్చు. బ్రీదర్ విప్పితే లోపలి జాలి మడ్డితో పూర్తిగా మూసుకుపోయింది, పైపు కూడా వేడికి మెత్తబడి నొక్కుకుపోయింది. గ్యాస్ బయటికి పోయే దారిలేక క్రాంక్‌కేసులో (ఇంజన్ కింది భాగంలో) ప్రెషర్ పెరిగి, టర్బోకి (ఇంజన్‌లోకి గాలిని తోసేదానికి) వెళ్లిన ఆయిల్ సంపులోకి (అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) సరిగా దిగక సీలు దాటి ఇన్‌టేక్‌లోకి (ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలోకి) పోతోందని మెకానిక్ చెప్పాడు. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపు విప్పితే గ్లాసుడు ఆయిల్ కారింది, చూసి చాలా భయమేసింది.

జాలి డబ్బా తీసేసి ఆయిల్ సెపరేటర్ (గ్యాస్‌లోంచి ఆయిల్‌ని వేరుచేసేది) పెట్టించి, లావు పైపు వేయించి, సెపరేటర్ అడుగు నుంచి సంపుకి రిటర్న్ పైపు ఇప్పించాం. ఆ రిటర్న్‌లో వన్‌వే వాల్వ్ మాత్రం మర్చిపోకండి, లేకపోతే గ్యాస్ అటునుంచే పైకి తన్నుతుంది. 3,000 కిలోమీటర్లు తిరిగింది, పోసింది అర లీటరే. మొదటి వారం వచ్చిన పొగ ఇంటర్‌కూలర్‌లో మిగిలిన ఆయిల్‌ది, తర్వాత పోయింది.

చిక్కటి 20డబ్ల్యూ50 ఆయిల్‌కి మారడం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు. రింగులు ముట్టుకోనేలేదు.